ఎవరో ఒకరు ఎత్తాలి

బంతికి చిల్లు ఎక్కడ పడిందో నీళ్ళే చెబుతాయి. టైర్ల షాపు ముందున్న తొట్టిలో బంతిని ముంచి, రెండు చేతులతో అదిమిపట్టి, ఆమె మెల్లగా తిప్పుతోంది. బుడగలు లేచినచోట బొటనవేలు ఆనించి అలాగే పైకి తీసింది. గుడ్డతో తుడిచి, సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, గరుకు కాగితంతో ఆ చోటు రుద్దడం మొదలుపెట్టింది.

"లోపల లారీ టైర్లు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి," అన్నాడు ఆమె భర్త, జాకీ పక్కనుంచి తల పైకెత్తి. "డ్రైవరొచ్చి అడిగితే ఏం చెప్పను? మా ఆవిడ బంతులకి వైద్యం చేస్తోంది, కాసేపు ఆగు అని చెప్పనా?"

"చెప్పండి. అబద్ధమేం కాదుగా."

"ఆ బంతిలో అసలు రబ్బరెంతో, నీ అతుకులెంతో దేవుడికే తెలియాలి."

మామూలు రోజయితే ఆమె నవ్వేది, ఇంకో మాట కూడా అంటించేది. ఇవాళ మనసు ఇక్కడ లేదు. మర్నాడే జిల్లా జట్టుకి ఎంపిక పోటీలు. జిగురు ఆరకుండానే అతుకు వేయబోయి, తనను తానే తిట్టుకుని మళ్ళీ ఆగింది.

పిల్లలు ఆమెను టైరక్క అని పిలుస్తారు. బస్సు డిపో వెనకనున్న సిమెంటు కోర్టులో సాయంత్రాలు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పేది ఆమే. పొద్దున్నే పెద్దవాళ్ళు ఆ కోర్టు చుట్టూ నడుస్తారు. సెలవురోజున పిల్లల తల్లులు కొంగు బిగించి ఆడతారు, ఆడినదానికంటే నవ్వేదెక్కువ. క్లబ్బు కార్యదర్శి మందుల షాపాయన. అనుమతులు, కాగితాలు, కరెంటు బిల్లు ఆయన చూసుకుంటాడు. ఆటలో మాత్రం వేలు పెట్టడు. వచ్చిన ఏ పిల్లనీ పొట్టి అనో లావు అనో వెనక్కి పంపకూడదన్నది క్లబ్బు మొదటినుంచీ పెట్టుకున్న మాట.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ కోర్టులో రిఫరీ లేడు. ఎవరైనా ఎవరినైనా గుద్దినా, చెయ్యి పట్టి లాగినా, ఆ తప్పు చేసినవాళ్ళే చెయ్యెత్తాలి. ఆట ఆగుతుంది, బంతి అవతలివాళ్ళకి వెళుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదట్లో తమకేం తెలియనట్టు ఆకాశంలోకి చూస్తూ నిలబడతారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. ఆట ఆగిపోయి ఉంటుంది, అంతే. కాసేపటికి ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చి, ఓ చెయ్యి మెల్లగా పైకి లేస్తుంది. ఇది చూడటం టైరక్కకి బుట్టలో బంతి పడటం కంటే ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఇంతకాలం ఆ కోర్టును పట్టుకుని వేళ్ళాడింది దానికోసమే.

ఎంపికకి ఒక్కో క్లబ్బు నుంచి ఇద్దరిని పంపొచ్చు. ఆ ఇద్దరిలో తీసుకునేది మాత్రం ఒకరినే. వాళ్ళకి క్రీడల బడిలో సీటు, హాస్టలు, చదువు అన్నీ దొరుకుతాయి. టైరక్క ఇద్దరి పేర్లు ఇచ్చింది. ఒకతె నిచ్చెన. తాటిచెట్టులా పెరిగిన పిల్ల, చెయ్యి చాపితే బుట్ట వల అందుతుంది. తల్లి లాండ్రీలో ఆవిరి యంత్రం దగ్గర పనిచేస్తుంది. ఒక సాయంత్రం ఉబ్బిపోయిన వేళ్ళతో వచ్చి, "దీన్నయినా ఆ పొగలోంచి బయట పడెయ్యక్కా" అని వెళ్ళింది. ఆ మాట టైరక్క గుండెలో దిగబడిపోయింది. రెండో పిల్ల మిరియం. నిచ్చెన భుజం దాకా కూడా రాదు, నోరు మాత్రం మంట. తండ్రి డిపోలో బస్సు సీట్లకి రెగ్జిన్ కుడతాడు. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే గొడుగు, ఒకే నీళ్ళ సీసా. మిరియాన్ని తోడుగా పంపుతున్నానని టైరక్క అనుకుంది. పైకి అనలేదు.

మొదటిరోజు పోటీ పెద్ద స్టేడియంలో జరిగింది. పాలిష్ పట్టిన చెక్కనేల మీద పిల్లల బూట్లు కీచుకీచుమంటున్నాయి. నాలుగైదు క్లబ్బుల పిల్లల్ని కలగలిపి జట్లు చేశారు. టైరక్క మెట్లమీద కూర్చుంది. అందరి ఆటా చూద్దామనే వచ్చింది గానీ, ఆమె కళ్ళు నిచ్చెనను వదిలితే ఒట్టు.

నిచ్చెన బాగా ఆడింది. దూకినప్పుడల్లా బంతి తనదే. కాస్త ఆట ముదిరాక బుట్ట కింద గుంపులో అవతలి పిల్ల పడిపోయింది. రిఫరీ విజిల్ వేసి పక్కనున్న జడల పిల్లను చూపించాడు. నిచ్చెన చెయ్యెత్తింది.

"నాది సార్," అంది.

రిఫరీ ఒక క్షణం తెల్లబోయాడు. స్కోరు బల్ల దగ్గరకెళ్ళి మార్పించాడు. మరోసారి విజిల్ కూడా పడలేదు, ఎవరూ చూడలేదు, అయినా చెయ్యెత్తి నిలబడిపోయింది. ఆ సందులో అవతలివాళ్ళు పరిగెత్తుకెళ్ళి బుట్టలో వేసేసుకున్నారు. మెట్లమీద కొందరు పకపకా నవ్వారు. ఎవరో "పాపం, క్లాసులో హాజరు చెబుతోంది" అన్నారు. ఐదు ఫౌళ్ళయితే ఆటలోంచి బయటికే. అవి ఐదయ్యేసరికి నిచ్చెన బయటికొచ్చి తువ్వాలు తలమీద వేసుకుని కూర్చుంది.

టైరక్కకి ఒళ్ళు మండింది. నవ్వినవాళ్ళ మీద మండిందో, చెయ్యెత్తిన పిల్ల మీద మండిందో ఆమెకే తెలియలేదు.

ఎంపిక చేసేవాళ్ళలో పెద్దవాడు తెల్లటోపీ పెట్టుకున్నాయన. ఆట అయ్యాక ఆమెను పక్కకి పిలిచాడు. "మేడమ్, మీ పొడుగుపిల్లకి ఒళ్ళుంది, ఒడుపుంది. కానీ రిఫరీ పని కూడా తనే చేస్తానంటే ఎలా? జట్టులో అలాంటివాళ్ళని పెట్టుకుంటే మా కొంప మునుగుతుంది. రేపు ఇంకో ఆట ఉంది. ఒక మాట చెప్పి చూడండి."

"చెబుతానండి," అంది టైరక్క. అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందా అని ఆమె ఆ తరవాత చాలాసార్లు అనుకుంది.

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. కిటికీ పక్కన మిరియం. బస్సు కదిలీ కదలకముందే నిచ్చెన భుజం మీద తలవాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

"నామీద కోపంగా ఉందా అక్కా?" అంది నిచ్చెన.

"కోపం దేనికి? మంచిపనే చేశావు." టైరక్క ముందు సీటు కమ్మీ పట్టుకుంది. "కానీ రేపు చెయ్యెత్తకు."

నిచ్చెన ఆమెవైపు తిరగబోయి, భుజం మీదున్న తల జారుతుందని ఆగిపోయింది. "తప్పు నాదైతేనో?"

"అక్కడ రిఫరీ ఉన్నాడు. చూసుకోవడం ఆయన పని. మనకి రిఫరీ లేడు గనక మనం ఎత్తుతాం. ఎక్కడి పద్ధతి అక్కడ."

"మీరెప్పుడూ అలా చెప్పలేదుగా."

"ఇప్పుడు చెబుతున్నాగా. మీ అమ్మ చేతులు చూశావా ఎప్పుడన్నా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల మొహం ముడుచుకుపోయింది. తన మోకాళ్ళకేసి చూసుకుంది.

"సరే అక్కా," అంది చివరికి. తరవాత గడ్డంతో పక్కకి చూపించి, "దీనికో?" అంది.

"నిద్రపోతోంది. లేపకు. రేపు నేను చెబుతాలే."

చెబుదామనే అనుకుంది. కానీ ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటున్నప్పుడు ఆమెకో ఆలోచన వచ్చింది. ఇద్దరికీ చెబితే అది క్లబ్బు మాట అయిపోతుంది. ఒకరికే చెబితే, ఒక్కరోజుకి చేసుకున్న సర్దుబాటు. ఆ తేడా పట్టుకుని మనసుకి నచ్చజెప్పుకుంది. ఎలాగూ మిరియాన్ని తీసుకోరు, దాని ఆట అది హాయిగా ఆడుకోనీ అనుకుంది. ఈ రెండో మాటే అసలు మాట అని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది.

మర్నాడు స్టేడియం వరండాలో మిరియం బూటు లేసు కట్టుకుంటూ తలెత్తి అడిగింది. "అక్కా, నాకేమన్నా చెప్పాలా?"

నిచ్చెన పక్కనే నిలబడి టైరక్క మొహంలోకి చూసింది.

"ఏముంటుంది? నీ ఆట నువ్వాడు," అంది టైరక్క.

ఆరోజు ఇద్దరినీ ఒకే జట్టులో వేశారు. మిరియానికి అవతలి జట్టులోకెల్లా గట్టి పిల్లను కాపలా కాయమని అప్పజెప్పారు. ముందురోజు గుంపుల సందుల్లోంచి ఎవరికీ తగలకుండా జారిపోయిన పిల్లకి, ఇవాళ అడుగడుగునా రాసుకోక తప్పలేదు. రాసుకున్నప్పుడల్లా చెయ్యెత్తింది. విజిల్ పడ్డా ఎత్తింది, పడకపోయినా ఎత్తింది. ఎత్తి, దించి, మళ్ళీ పరిగెత్తేది. దాని మొహంలో బాధ గానీ గొప్ప గానీ లేదు. చెమట తుడుచుకున్నంత మామూలుగా చేస్తోంది ఆ పని.

నిచ్చెన ఎత్తలేదు. మొదటిసారి తగిలినప్పుడు ఆమె కుడిచెయ్యి నడుందాకా వచ్చి ఆగిపోవడం టైరక్క చూసింది. రెండోసారి అంతదాకా కూడా రాలేదు. పిల్లలు మంచి ఎంత తొందరగా నేర్చుకుంటారో ఇదీ అంతే తొందరగా నేర్చుకుంటారు. టైరక్క చూపు తిప్పేసుకుంది. అయినా స్కోరు చూస్తే ధైర్యం వచ్చింది. నిచ్చెన బంతులు వరసగా పడుతున్నాయి.

ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా బుట్ట కింద ఆ గట్టిపిల్ల దూసుకొచ్చింది. ముందు మిరియం, వెనక నిచ్చెన. నిచ్చెన మోచెయ్యి ఆ పిల్ల భుజానికి తగిలింది. పిల్ల దబ్బున పడింది. విజిల్ పడింది. రిఫరీ అవతలివైపు ఉన్నాడు, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

మిరియం వెనక్కి తిరిగి నిచ్చెనకేసి చూసింది. అనుమానంగా కాదు, మామూలుగానే. రోజూ సాయంత్రం చూసే చూపే అది, చెయ్యి లేస్తుంది, ఆట మొదలవుతుంది అన్నట్టు. నిచ్చెన చేతులు రెండూ పక్కన వేళ్ళాడుతున్నాయి. కళ్ళు నేలమీదున్నాయి. మిరియం ఇంకాస్త చూసింది. రిఫరీ దగ్గరకొస్తున్నాడు. అప్పుడు మిరియమే చెయ్యెత్తింది.

అది దానికి ఐదో ఫౌలు. స్కోరు బల్ల దగ్గరున్నాయన గంట కొట్టాడు. మిరియం బయటికొచ్చి బెంచీమీద కూర్చుని, నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ మూత బిగించింది.

ఎంపికైనవాళ్ళ పేర్లు అక్కడే చదివారు. నిచ్చెన పేరు వినబడగానే టైరక్క కళ్ళు చెమర్చాయి. లాండ్రీ తల్లి మొహం కళ్ళముందు మెదిలింది. ఆ సంతోషం అబద్ధం కాదు. దాన్ని అబద్ధమని ఆమె ఎప్పటికీ అనుకోలేదు కూడా. బాధంతా అక్కడే ఉంది.

సంచి సర్దుకుంటుంటే తెల్లటోపీ ఆయన నవ్వుతూ వచ్చాడు. "నామాట నిలబెట్టారు మేడమ్. పొడుగుపిల్ల ఇవాళ బుద్ధిగా ఆడింది."

"మీ దయండి."

"నిజం చెప్పాలంటే నిన్న ఆ చిన్నపిల్ల పేరే రాసుకున్నాం మేము. ఏం కాళ్ళండీ అవి! ఒక్కరికీ తగలకుండా గుంపులోంచి ఎలా వచ్చిందో చూశారుగా. అలాంటి పిల్ల జట్టుకి ఒక్కతె ఉంటే చాలు. ఇవాళేమో మరీ అన్ని ఫౌళ్ళు. కుదురు లేదని మావాళ్ళు వద్దన్నారు. వచ్చే ఏడు వయసు దాటిపోతుందేమో, పాపం."

టైరక్క సంచి భుజానికి తగిలించుకుంది. చూశారుగా అన్నాడాయన. నిన్న ఆట మొత్తం అక్కడే కూర్చుని, ఆమె మిరియాన్ని చూడనేలేదు.

బస్సులో ఈసారి ఎవరూ నిద్రపోలేదు. నిచ్చెన కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. మిరియమే మాట్లాడింది, హాస్టల్లో మంచాలు ఎలా ఉంటాయో, పైమంచం ఇస్తే నిచ్చెన కాళ్ళు బయటికి వస్తాయో రావో అని. ఎవరూ నవ్వకపోయేసరికి తనే ఊరుకుంది.

"ఆ చివరిది నీది కాదుగా," అంది టైరక్క మెల్లగా.

మిరియం నిచ్చెన వీపుకేసి ఓసారి చూసింది. "ఏమో అక్కా. ఎవరో ఒకరు ఎత్తాలిగా. లేకపోతే ఆట మొదలవదు."

రెండ్రోజులకి మిరియం గాలిపోయిన బంతి ఒకటి చంకలో పెట్టుకుని షాపుకొచ్చింది. వచ్చి తొట్టి అంచుమీద కూర్చుంది. టైరక్క బంతికి గాలి కొట్టి నీళ్ళలో ముంచింది. చెప్పేయాలని, అంతా చెప్పేయాలని ఆమె ఆ రెండ్రోజులూ మాటలు కూడగట్టుకుంటూనే ఉంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు.

"నిచ్చెన చెప్పిందక్కా," అంది మిరియమే, నీళ్ళలో బుడగల్ని చూస్తూ. "బస్సులో మీరన్న మాట. బాగా ఏడ్చింది. నాకు సీటు పోయిందని కాదు గానీ… నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు నిద్రపోతున్నావే అప్పుడు."

"మర్నాడు లేచే ఉన్నాగా."

లోపల సుత్తి చప్పుడు ఆగిపోయింది. భర్త వింటున్నాడని టైరక్కకి తెలిసింది. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే మనిషి, ఇవాళ ఒక్కమాట విసిరినా బాగుండుననిపించింది.

"మీరు చెప్పుంటే నేనూ ఎత్తేదాన్ని కాదు," అంది మిరియం. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. "మీరు ఏం చెబితే అదేగా మేం చేసేది."

తప్పు నాదమ్మా అనాలి. అంత చిన్నమాట. ఏళ్ళ తరబడి పిల్లలందరి చేతా చెప్పించిన మాట. టైరక్క చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది, బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసుకోనేలేదు.

"రేపటికి అతుకేసి ఉంచుతాలే," అంది.

"సరే అక్కా."

ఆ సాయంత్రం కార్యదర్శి కోర్టులో కుర్చీలు వేయించాడు. పొద్దున నడిచే పెద్దవాళ్ళు, తల్లులు, పిల్లలు అంతా వచ్చారు. లాండ్రీ తల్లి పనిలోంచి అట్నుంచటే వచ్చింది. టైరక్క రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. కార్యదర్శి మైకు పుచ్చుకున్నాడు. మనిషి మంచివాడే, మైకు దొరికితే మాత్రం ఆగడు.

"మొదటిరోజు మన పిల్ల పోయిందనే అనుకున్నాం. రెండోరోజు ఎలా గెలిచింది? అంతా మన చెల్లెమ్మ తెలివి. ఒకే ఒక్క మాట చెప్పింది. బయటికెళ్ళినప్పుడు చెయ్యెత్తకూడదు, అని. అంతే. సీటొచ్చేసింది."

ఈ సంగతి ఆయనకి నిచ్చెన తల్లి చెప్పి ఉంటుంది. గొప్పగానే చెప్పి ఉంటుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మిరియం కూడా కొట్టింది. నిచ్చెన తల్లి పక్కన తలవంచుకుని, అంత పొడుగూ ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు నిలబడింది. చిన్నపిల్లలు ముందు వరసలో నేలమీద కూర్చుని, నోళ్ళు తెరుచుకుని విన్నారు. అన్నయ్యగారూ, ఆ మాట అనకండి అని టైరక్క లేవబోయింది. లాండ్రీ తల్లి ఇంకా ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. ఆమె లేవలేదు.

కుర్చీలు తీసేశాక పిల్లలు ఆటకి దిగారు. నిచ్చెన తల్లితో వెళ్ళిపోయింది. టైరక్క గీత పక్కన నిలబడి మిరియాన్నే చూస్తోంది. ఆ పిల్ల నిజంగానే ఎవరికీ తగలకుండా ఎలా వెళుతుందో మొదటిసారి చూస్తోంది. అంతలో బుట్ట కింద చిన్నపిల్లల గుంపులో ఎవరో పడ్డారు. మోకాలు గీసుకుపోయి ఏడుపు మొదలైంది. ఆట ఆగింది.

ఎవరి చెయ్యీ లేవలేదు.

టైరక్క ఆగింది. కొత్తపిల్లలకి కాసేపు పడుతుందిలే అనుకుంది. కానీ అక్కడున్నవాళ్ళు కొత్తవాళ్ళు కాదు. ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. వాళ్ళ మొహాల్లో సిగ్గు లేదు, ఎదురుచూపు ఉంది. ఆ తరవాత అందరూ ఒక్కొక్కరే ఆమెవైపు తిరిగారు.

"ఎవరిదక్కా?" అంది ఒక పిల్ల. "మీరే చెప్పండి."

ఆమె చూడలేదు. ఇన్నేళ్ళుగా ఆ కోర్టులో ఆమె చూడాల్సిన అవసరమే రాలేదు. చూడలేదమ్మా అని చెబితే సరిపోయేది. కానీ ఇంతమంది పిల్లలు ఆమె నోటికేసి చూస్తున్నారు, మోకాలు గీసుకున్న పిల్ల వెక్కుతోంది, ఆట ఆగిపోయి ఉంది. ఆమెకి తొందర పుట్టింది.

"నువ్వే," అంది, దగ్గరగా నిలబడున్న నీలం చొక్కా పిల్లను చూపిస్తూ.

నీలం చొక్కా పిల్ల ఆమె మొహంలోకి ఓసారి చూసింది. ఏదో అనబోయి, అనకుండా, బంతి తీసుకెళ్ళి అవతలివాళ్ళకి ఇచ్చేసింది.

మిరియం అక్కడే, గుంపు పక్కనే ఉంది. అంతా చూసింది. అది కాదక్కా అనడానికి నోరు తెరిచింది. టైరక్క ఆ మాట కోసం ఆశగా చూసింది. మిరియం నోరు మూసుకుని, లేసు బిగించుకుని, ఆటలోకి వెళ్ళిపోయింది.